న్యూస్‌లెటర్ ఎక్కడ పెట్టాలి? సబ్‌స్టాక్, ఘోస్ట్, బటన్‌డౌన్, ఇంకా కొన్ని

న్యూస్‌లెటర్ అంటే పాఠకులకి ఈమెయిల్‌లో వెళ్లే పత్రిక. అలాంటివి పంపిపెట్టే టైనీలెటర్ అనే సేవని 2011లో మెయిల్‌చింప్ అనే కంపెనీ కొనుక్కుంది, 2024 ఫిబ్రవరి 29న మూసేసింది. రెవ్యూ అనే సేవని ట్విట్టర్ 2021 జనవరిలో కొని 2023 జనవరిలో ఆపేసింది. ఫేస్‌బుక్ పెట్టిన బులెటిన్‌కి రెండేళ్లు కూడా నిండలేదు. సినిమా, సంగీతం, భక్తి, రోజువారీ ముచ్చట్లు రాసుకునేవాళ్లు చోటు వెతుక్కునేటప్పుడు ఈ మూడూ గుర్తుంచుకోవాలి. వీధి గుమ్మం ఎంత అందంగా ఉందో తర్వాత చూడొచ్చు, ముందు పెరటి తలుపు తెరుచుకుంటుందో లేదో చూసుకోవాలి.

వెళ్లిపోవాల్సి వస్తే వెంట తీసుకెళ్లాల్సినవి నాలుగు: పాఠకుల ఈమెయిల్ జాబితా, పాత సంచికలు, డబ్బు కట్టిన చందాలు, పాఠకులకి అలవాటైన వెబ్ చిరునామా. జాబితా దాదాపు అన్నిచోట్లా సీఎస్‌వీ ఫైలుగా (సాదా పట్టికగా) దిగుతుంది. పాత సంచికలూ దిగుతాయి గానీ బొమ్మలు తరచూ పాత సర్వర్‌లోనే ఉండిపోతాయి, దిగిన ఫైలులో వాటి లింకు మాత్రమే ఉంటుంది. ఆ సర్వర్ ఆగిన రోజున సినిమా స్టిల్స్ ఉండాల్సిన చోట ఖాళీ పెట్టెలు మిగులుతాయి. అందుకే ప్రతి సంచికలో వాడిన బొమ్మల్ని సంచిక తేదీ పేరుతో ఒక ఫోల్డర్‌లో సొంతంగా దాచుకోవాలి. చందాలు వెంట వస్తాయా రావా అన్నది డబ్బు ఎవరి స్ట్రైప్ (కార్డు చెల్లింపులు వసూలు చేసిపెట్టే సేవ) ఖాతాలో పడుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇక వెబ్ చిరునామా సొంత డొమైన్ (మీ పేరున నమోదైన వెబ్ పేరు) కొనుక్కున్నవాళ్లకే దక్కుతుంది. ఎక్కడ చేరినా మొదటి నెలలోనే డొమైన్ తగిలించండి. డొమైన్ లేకుండా వంద సంచికలు పంపాక ఆ సేవ వదిలేస్తే, అప్పటిదాకా జనం పంచుకున్న లింకులన్నీ పాత చిరునామా దగ్గరే ఆగిపోతాయి.

సబ్‌స్టాక్

2017లో మొదలైంది. ఉచితంగా రాసేవాళ్ల దగ్గర, పాఠకులు ఎంతమంది ఉన్నా, పైసా తీసుకోదు. చందా పెడితే వసూలైన దాంట్లో 10 శాతం దానిది. దాని మీద స్ట్రైప్ కార్డు రుసుము 2.9 శాతం, ప్రతి చెల్లింపుకీ 30 సెంట్లు. నెలనెలా గానీ ఏటా గానీ తనంతట తాను తిరిగి వసూలయ్యే చందాలకి ఇంకో 0.7 శాతం.

శాతాల్లో చూస్తే చిన్నగానే కనిపిస్తుంది. లెక్క కట్టి చూడండి. నెలకు 5 డాలర్ల చందాలో 50 సెంట్లు సబ్‌స్టాక్‌కి, 48 సెంట్లు స్ట్రైప్‌కి పోతాయి. చేతికొచ్చేది 4.02 డాలర్లు, అంటే దాదాపు ఐదోవంతు దారిలోనే పోయింది. అదే ఏడాదికి 50 డాలర్ల చందా అయితే సబ్‌స్టాక్‌కి 5, స్ట్రైప్‌కి 2.10, మీకు 42.90. ఇక్కడ పోయింది 14 శాతమే. తేడా అంతా ఆ 30 సెంట్లదే. నెలచందాలో అది ఏడాదికి 12 సార్లు పడుతుంది, ఏడాది చందాలో ఒక్కసారి. పైగా చెల్లింపు విఫలమయ్యే సందర్భాలు కూడా నెలచందాకే ఎక్కువ. ఏడాది చందాని రెండు నెలల రాయితీతో ముందుకు తోయడం ఎక్కడ రాసేవాళ్లకైనా పనికొచ్చే ఎత్తు.

ఆ 10 శాతానికి బదులుగా దొరికేది జనసంచారం. ఒకరి న్యూస్‌లెటర్‌లో చేరినవాళ్లకి ఆ రచయిత సిఫారసు చేసే మరికొన్ని న్యూస్‌లెటర్లు కనిపిస్తాయి. 2023లో వచ్చిన నోట్స్‌లో చిన్న చిన్న రాతలు తిరుగుతుంటాయి. సినిమా మీద రాసేవాళ్లకి ఇది బాగా కలిసొస్తుంది, ఎందుకంటే కొత్త సినిమా వచ్చిన వారం అందరూ దాని గురించే వెతుకుతుంటారు. నెమ్మదిగా సాగే భక్తి వ్యాసాలకి ఈ సంత అంతగా అచ్చిరాదు. ఇంకో సంగతి: సిఫారసుల దారిన వచ్చినవాళ్లలో చాలామంది ఒక్క నొక్కుతో నాలుగైదింట్లో చేరిపోయినవాళ్లే. జాబితా పెరుగుతుంది, చదివేవాళ్లు అదే లెక్కన పెరగరు.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు అనుచరులకీ చందాదారులకీ మధ్య తేడా. నోట్స్‌లో మిమ్మల్ని అనుసరించేవాళ్ల ఈమెయిల్ మీకు రాదు, సీఎస్‌వీలో దిగదు. మూడు వేల మంది అనుచరులు, నాలుగు వందల మంది చందాదారులు ఉంటే మీ ఆస్తి ఆ నాలుగు వందలే. స్ట్రైప్ ఖాతా మీదే కాబట్టి కార్డు చందాల్ని వేరే సేవకి మార్చుకోవచ్చు. ఐఫోన్ యాప్‌లో యాపిల్ ద్వారా కట్టినవి మాత్రం మీ స్ట్రైప్‌లో ఉండవు, వాటిని వేరుగా లెక్కపెట్టుకోండి. సొంత డొమైన్ తగిలించడానికి ఒక్కసారి 50 డాలర్లు కట్టాలి. రూపం విషయంలో పెద్దగా మార్చుకునేదేమీ ఉండదు, అన్ని సబ్‌స్టాక్‌లూ ఒక తల్లి బిడ్డల్లాగే కనిపిస్తాయి.

ఘోస్ట్

2013లో మొదలైంది. లాభాపేక్ష లేని సంస్థ నడుపుతుంది, కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. చందాల్లో వాటా తీసుకోదు. దానికి బదులు వాళ్ల హోస్టింగ్ (వాళ్ల సర్వర్‌లో మీ సైటుకి చోటు) వాడుకుంటే సభ్యుల సంఖ్యని బట్టి ఖర్చు. చేరే ముందు మీరు ఎంచుకున్న ప్లాన్‌లో చందాలు వసూలు చేసుకోవచ్చో లేదో చదువుకోండి.

సబ్‌స్టాకా ఘోస్టా అన్న వాదం డబ్బు వరకైతే ఒక గుణకారంతో తేలిపోతుంది. ఘోస్ట్ హోస్టింగ్‌కి ఏడాదికి అయ్యే మొత్తాన్ని పదితో గుణించండి. మీ ఏడాది చందాల వసూలు ఆ సంఖ్యని దాటితే ఘోస్ట్ చవక, దాటకపోతే సబ్‌స్టాక్ చవక. స్ట్రైప్ రుసుము రెండు చోట్లా ఉంటుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. చందాయే పెట్టని వాళ్లకి ఘోస్ట్ హోస్టింగ్ శుద్ధ ఖర్చు. ఆ ఖర్చు సొంత వెబ్‌సైటు, సొంత రూపం, వెతుక్కోవడానికి వీలైన పాత సంచికల కోసమే. పదేళ్లపాటు సంగీతం మీద రాసి రాగాలవారీగానో గాయకులవారీగానో పేర్చుకోవాలనుకునేవాళ్లకి అది దండగ కాదు. కాకపోతే కొత్త పాఠకులు వాళ్లంతట వాళ్లు రారు. ఒక్కొక్కరినీ మీరే తెచ్చుకోవాలి.

సొంత సర్వర్‌లో పెట్టుకుంటే చవకే, కానీ పని ఎక్కువ. ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టం, దానిమీద నోడ్, మైఎస్‌క్యూఎల్ 8 అనే సాఫ్ట్‌వేర్లు, కనీసం 1 జీబీ మెమరీ కావాలి. ఇక్కడ దాదాపు అందరూ తగిలించుకునే దెబ్బ ఒకటుంది. ఘోస్ట్‌లో ఈమెయిళ్లు రెండు దారుల్లో వెళ్తాయి. సంచికలు అందరికీ వెళ్లేది మెయిల్‌గన్ అనే ఈమెయిల్ పంపిణీ సేవ ద్వారా, దాన్ని సెట్టింగుల్లో ఇస్తారు. పాఠకులు లాగిన్ కావడానికి వెళ్లే లింకు మాత్రం సర్వర్‌లోని కాన్ఫిగ్ ఫైలులో విడిగా ఇచ్చిన ఎస్‌ఎంటీపీ (ఈమెయిల్ పంపే సర్వర్) ద్వారా వెళ్తుంది. మొదటిది పెట్టి రెండోది మరిచిపోతే సంచికలు చక్కగా వెళ్తుంటాయి, కొత్తగా చేరాలనుకున్నవాళ్లకి మాత్రం నిర్ధారణ లింకు అందదు. వాళ్లు చెప్పరు, ఊరికే వెళ్లిపోతారు. వేరే ఈమెయిల్‌తో మీరే ఒకసారి చేరి చూసుకుంటే ఐదు నిమిషాల్లో బయటపడుతుంది.

బటన్‌డౌన్, మిగతావి

బటన్‌డౌన్ చిన్నది, గొడవలేనిది. మార్క్‌డౌన్‌లో (చిన్న గుర్తులతో రూపం చెప్పే సాదా రాతలో) రాసి పంపడమే. మొదటి 100 మందికి ఉచితం, చందాల్లో వాటా లేదు. స్నేహితులకి, పరిచయస్థులకి ఉత్తరంలా రాసేవాళ్లకి మా ఓటు దీనికే. సంత లేదు, అనుచరుల గోల లేదు.

బీహైవ్ 2,500 మంది దాకా ఉచితం. చందాలు పెట్టాలంటే డబ్బు కట్టే ప్లాన్‌లోకి మారాలి, కానీ వాటా తీసుకోదు. ప్రకటనలు ఇప్పించే ఏర్పాటు దానికి ఉంది, మొత్తం తీరు వ్యాపారంగా పెంచాలనుకునేవాళ్ల వైపే మొగ్గుతుంది. 2024 దాకా కన్వర్ట్‌కిట్ అనే పేరుతో ఉన్న కిట్ 10,000 మంది దాకా ఉచితం. పాఠాలో పుస్తకమో అమ్మే ఆలోచన ఉంటే అది సరిపోతుంది. మెయిల్‌చింప్ దుకాణాలకి తగ్గట్టు తయారైంది. దాంట్లో ఒక తిరకాసుంది: వద్దని వెళ్లిపోయినవాళ్లని కూడా లెక్కలో కలుపుకుని ధర వేస్తుంది. వాళ్లని ఎప్పటికప్పుడు ఆర్కైవ్ చేస్తేనే లెక్కలోంచి పోతారు.

సర్వర్లతో ఆడుకోవడం ఇష్టమైనవాళ్లకి సొంత సర్వర్‌లో పెట్టుకునే లిస్ట్‌మంక్ ఉంది. దానికి పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ కావాలి. పంపడానికి అమెజాన్ ఈమెయిల్ సేవ ఎస్‌ఈఎస్ లాంటిది తగిలిస్తే వెయ్యి ఈమెయిళ్లకి 10 సెంట్లు. కొత్త ఎస్‌ఈఎస్ ఖాతా మొదట ఇసుకపెట్టెలో (పరిమితులున్న ప్రయోగ దశలో) ఉంటుంది: రోజుకి 200 ఈమెయిళ్లు, అవీ మీరు ముందే ధ్రువీకరించిన చిరునామాలకే. విడుదలకి దరఖాస్తు పెట్టుకోవాలి కాబట్టి మొదటి సంచిక తేదీ ప్రకటించాక ఖాతా తెరిస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. చందాలు వసూలు చేసే ఏర్పాటు లిస్ట్‌మంక్‌లో ఉండదు.

డబ్బు వసూలు చేయాలనుకునేవాళ్లు ఈ పోలికలన్నిటికన్నా ముందు చూడాల్సింది ఒకటుంది. సబ్‌స్టాక్, ఘోస్ట్, బటన్‌డౌన్ మూడూ చందాలకి స్ట్రైప్ మీదే ఆధారపడతాయి. స్ట్రైప్ అన్ని దేశాల్లోనూ లేదు, ఉన్నచోట కూడా కొత్త ఖాతాలు అందరికీ ఇవ్వకపోవచ్చు. ముందు స్ట్రైప్ ఖాతా తెరిచి, అది ఖాయమయ్యాకే మిగతా పోలికలకి దిగండి.

ఒకే జాబితానా, వేర్వేరా?

సంస్కృతి, విశ్వాసం, సినిమా, పాటలు, ఇంటి సంగతులు అన్నీ ఒకే మనిషి రాస్తుంటే అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. భక్తి వ్యాసం కోసం చేరిన పాఠకురాలికి వరసగా మూడు వారాలు సినిమా సమీక్షలే వస్తే వెళ్లిపోతుంది. అప్పుడు ఆమె మీ సినిమా రాతల్నే కాదు, మొత్తం జాబితానే వదిలేస్తుంది.

దీనికి మూడు దారులున్నాయి. ఒకటి, ఒకే న్యూస్‌లెటర్‌లో విభాగాలు. సబ్‌స్టాక్‌లో సెక్షన్లు, ఘోస్ట్‌లో ఒకే సైటు కింద పలు న్యూస్‌లెటర్లు పెట్టుకోవచ్చు. పాఠకులు అక్కర్లేనిది మాత్రమే ఆపుకుంటారు. పని చేసే ఏర్పాటే, కానీ పాఠకుడికి ఆ సంగతి తెలిసి ఉండాలి. సంచిక చివర “సినిమా రాతలు మాత్రం వద్దనుకుంటే ఇక్కడ ఆపుకోండి” అని ఒక వాక్యం లింకుతో పెట్టకపోతే, పాఠకుల కంటికి కనిపించేది అన్నీ ఆపే లింకొక్కటే. రెండు, విడివిడిగా రెండు న్యూస్‌లెటర్లు. శుభ్రంగా ఉంటుంది గానీ రెండిటికీ తేదీలు తప్పకుండా రాయాలి, ఒకటి ఎండిపోవడం ఖాయం. మూడు, విభజనే లేకుండా ప్రతి సంచికలోనూ అన్నీ కలపడం: ఒక పెద్ద వ్యాసం, ఒక పాట, ఒక చిన్న ముచ్చట. మొదలుపెట్టేవాళ్లకి మూడోదే మేలు. ఐదారు వందల మంది పాఠకులు వచ్చేదాకా విభాగాలు చేయడమంటే నలుగురున్న ఇంట్లో నాలుగు పొయ్యిలు వెలిగించడమే. ఆ తర్వాత ఏ లింకులు ఎక్కువ నొక్కుతున్నారో చూసి విడగొట్టొచ్చు.

విశ్వాసం మీద రాసేవాళ్లు ఇంకొకటి గమనించాలి. ఫలానా మతం గురించిన జాబితాలో ఒకరి ఈమెయిల్ ఉందంటే అది వాళ్ల నమ్మకాన్ని బయటపెట్టే సమాచారం. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే సమాచార రక్షణ చట్టం మత విశ్వాసాన్ని ప్రత్యేక రక్షణ ఉన్న సమాచారంగా లెక్కిస్తుంది. జాబితాని ఎవరితోనూ పంచుకోకండి, “ఉపవాసాలు చేసేవాళ్లు”, “సందేహవాదులు” లాంటి ట్యాగులు తగిలించకండి. ఎవరు తెరిచారు, ఎవరు నొక్కారు అన్న నిఘాని ఘోస్ట్‌లోనూ బటన్‌డౌన్‌లోనూ పూర్తిగా ఆపేయొచ్చు. ఇలాంటి రాతలకి అదొక్కటే వాటి వైపు మొగ్గడానికి సరిపోయే కారణం.

ఈమెయిల్ అడుగున కనిపించే తపాలా చిరునామా సంగతి కూడా చూసుకోండి. అమెరికాలోని పాఠకులకి వెళ్లే వాణిజ్య ఈమెయిళ్లలో పంపినవారి తపాలా చిరునామా ఉండాలని అక్కడి 2003 నాటి చట్టం చెబుతుంది. సబ్‌స్టాక్ మామూలుగా తన చిరునామానే వేస్తుంది. వేరేచోట్ల ఆ పెట్టెలో ఇంటి చిరునామా టైపు చేసేస్తే అది ప్రతి పాఠకుడికీ వెళ్తుంది. పోస్టు బాక్సు తీసుకోవడం మేలు.

పాటలు, వీడియోలు, బొమ్మలు ఉన్న సంచికలు

ఈమెయిల్‌లో పాట మోగదు, వీడియో ఆడదు. ఎడిటర్‌లో యూట్యూబ్ వీడియో అతికించినప్పుడు ప్లేయర్ కనిపిస్తుంది గానీ పాఠకుడికి చేరేది ఒక బొమ్మ, దాని వెనక లింకు. ఈమెయిల్ యాప్‌లు అలాంటి కోడ్‌ని నడపనివ్వవు. ఏ సేవలోనైనా ఇంతే, కాబట్టి దీన్ని చూసి సేవని ఎంచుకోనక్కర్లేదు. రాసే పద్ధతి మార్చుకోవాలి. పాట వినకపోయినా వాక్యం అర్థమయ్యేలా రాయాలి. రెండో చరణం ముందు వయొలిన్ల గురించి చెబుతుంటే వీడియో ఆ క్షణం నుంచే మొదలయ్యే లింకు ఇవ్వాలి. లేకపోతే పాఠకుడు మొదటినుంచి వెతుక్కోడు, మూసేస్తాడు. గొంతుతో చదివి వినిపించాలనుకుంటే మాత్రం తేడా ఉంది: ఆడియోని తనదగ్గరే ఉంచి పాడ్‌కాస్ట్‌గా కూడా పంపే ఏర్పాటు సబ్‌స్టాక్‌లో సులువు.

పాటల సాహిత్యాన్ని ఎత్తిరాసేటప్పుడు “నాలుగు పంక్తులదాకా ఫరవాలేదు” అనే మాట నమ్మకండి. అన్నిచోట్లా చెల్లే అలాంటి పంక్తుల లెక్క ఏదీ లేదు. పాట చిన్నది, అందులో నాలుగు పంక్తులంటే పెద్ద భాగమే. మీరు విశ్లేషిస్తున్న మాటలు మాత్రం ఎత్తి, మిగతాది మీ మాటల్లో చెప్పడం క్షేమం.

బొమ్మలు 1200 పిక్సెళ్ల వెడల్పుతో, ఒక్కొక్కటి 300 కేబీ లోపు ఉంటే చాలు. ఈమెయిల్‌లో కనిపించేది మామూలుగా 600 పిక్సెళ్ల వెడల్పే. బొమ్మలు రాకుండా ఆపుకునేవాళ్లు కొందరుంటారు, వాళ్లకోసం బొమ్మలో ఏముందో ఒక వాక్యం ఇవ్వండి.

తెలుగులో రాసేవాళ్లకి ప్రత్యేకంగా ఒక గండం ఉంది. ఈమెయిల్ కోడ్ 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతాది కత్తిరించి ఒక లింకు వెనక దాచేస్తుంది. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు తింటే తెలుగులో ప్రతి సంకేతం మూడు బైట్లు తింటుంది. “క్షే” కంటికి ఒకే అక్షరం, లోపల నాలుగు సంకేతాలు, 12 బైట్లు. మాటకి సగటున ఖాళీతో కలిపి ఎనిమిది సంకేతాలనుకుంటే రెండువేల మాటల వ్యాసం 48 కేబీ దాకా వస్తుంది. సేవ తగిలించే అలంకరణ కోడ్, బటన్లు, లింకులు దానికి అదనం. మూడువేలు దాటితే కత్తెర పడే ప్రమాదం దగ్గరికొచ్చినట్టే. కత్తెర పడితే అడుగునున్న “ఆపేయండి” లింకు కనిపించదు. అది దొరకని పాఠకుడు స్పామ్ బటన్ నొక్కుతాడు. పొడుగు వ్యాసాల్ని సగం ఈమెయిల్‌లో, సగం వెబ్‌లో పెట్టండి, లేదా రెండు భాగాలు చేయండి. ఈ విషయంలో సాదా కోడ్‌తో పంపే బటన్‌డౌన్‌కి మార్కులు ఎక్కువ. ఇక ఫోన్‌లో విషయం (సబ్జెక్ట్) పంక్తిలో మొదటి నాలుగైదు మాటలే కనిపిస్తాయి, సంచిక సంఖ్యతో మొదలుపెట్టి ఆ చోటు వృథా చేయకండి.

చేరుతోందా లేదా

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నిబంధనలు బిగించాయి. జీమెయిల్ ఖాతాలకి రోజుకి 5,000కి పైగా పంపేవాళ్లకి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (ఈమెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే రికార్డులు) మూడూ, ఒక్క నొక్కుతో ఆపుకునే వీలూ ఉండాలి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం దాటకూడదు. సబ్‌స్టాక్‌లో వాళ్ల చిరునామా నుంచే పంపుతుంటే ఇవన్నీ వాళ్లే చూసుకుంటారు. సొంత డొమైన్ నుంచి పంపితే ఆ రికార్డులు డీఎన్‌ఎస్‌లో (మీ డొమైన్ సెట్టింగుల్లో) మీరే అతికించాలి. ఎస్‌పీఎఫ్ విషయంలో జరిగే తప్పు: పాతదొకటి ఉండగా ఇంకొకటి చేర్చడం. ఒక డొమైన్‌కి ఒకే ఎస్‌పీఎఫ్ రికార్డు ఉండాలి, రెండుంటే రెండూ చెల్లవు. కొత్తదాన్ని పాతదాంట్లోనే కలపాలి.

తెరిచినవాళ్ల శాతాన్ని చూసి సేవల్ని పోల్చకండి. 2021 సెప్టెంబరు నుంచి యాపిల్ మెయిల్ బొమ్మల్ని ముందే దింపేస్తోంది, పాఠకుడు తెరవకపోయినా తెరిచినట్టే లెక్కలో పడుతుంది. జవాబులెన్ని వచ్చాయి, లింకులెన్ని నొక్కారు అన్నవే కాస్త నమ్మదగ్గ లెక్కలు.

ఎవరికి ఏది

ఇంకా ఎవరికీ తెలియని రచయిత, సినిమా మీదా వర్తమాన సంస్కృతి మీదా రాస్తూ పాఠకుల్ని వెతుక్కుంటుంటే సబ్‌స్టాక్‌లో మొదలుపెట్టడమే తెలివి. పది శాతం బాధ చందాలు మొదలయ్యాకే కదా. ఇప్పటికే వెయ్యిమంది పాఠకులుండి, అందులో కొందరు డబ్బు కడుతూ, పాత సంచికలు గ్రంథాలయంలా నిలబడాలనుకుంటే ఘోస్ట్. విశ్వాసం మీదనో ఇంటి సంగతుల మీదనో నెలకొక ఉత్తరం రాసి, డబ్బు ప్రసక్తి లేకుండా ఉండాలనుకుంటే బటన్‌డౌన్. ప్రకటనల మీద బతకాలనుకుంటే బీహైవ్. ఎటూ తేలకపోతే ముందు ఆరు సంచికలు రాసి పక్కన పెట్టుకోండి. ఆరంభశూరత్వం కాదని తేలాక ఎంచుకుంటే ఎంపిక తేలిగ్గా అవుతుంది, ఏం రాస్తారో అప్పటికి మీకే తెలుస్తుంది కాబట్టి.

మారాల్సి వస్తే ఈ వరస తప్పకండి. ముందు జాబితా, సంచికలు, బొమ్మలు దింపుకోండి. జాబితాలో చందా మానేసినవాళ్ల వరసలు తీసేయండి, వాళ్లకి మళ్లీ ఈమెయిల్ వెళ్తే ఫిర్యాదు ఖాయం. డీఎన్‌ఎస్ రికార్డులు పెట్టి ఒకట్రెండు రోజులు ఆగండి. పాత చోటినుంచి ఆఖరి సంచికలో కొత్త పంపే చిరునామా చెప్పి, దాన్ని కాంటాక్టుల్లో చేర్చుకోమని అడగండి. కొత్త చోటినుంచి మొదటి సంచిక ఎక్కువగా చదివే వందమందికి పంపి, స్పామ్‌లో పడుతోందేమో చూసి, తర్వాత మిగతావాళ్లకి పంపండి. డబ్బు కట్టే చందాల్ని అన్నిటికన్నా ఆఖర్న మార్చండి. మార్చాక స్ట్రైప్‌లో రెండు మూడు చెల్లింపులు తెరిచి, పాత సేవ వాటా ఇంకా కోస్తోందేమో, ఒకే పాఠకుడికి రెండు చందాలు నడుస్తున్నాయేమో చూడండి. అవి సరిగ్గా ఉన్నాయని తేలేదాకా పాత ఖాతా మూసేయకండి.